ఎడంచేతి రైఫిల్

యోగేశ్వరన్ జీవితంలో మొట్టమొదటిసారి జోసఫీన్‌తో అన్న మాట, "ఆ చెయ్యి కాదు." అదీ మలాయ్‌లో, కాస్త గట్టిగా. ప్రేమకథ మొదలుపెట్టడానికి ఇంతకంటే చెడ్డ మాట వెతికినా దొరకదు. ఏం చేస్తాం, మనవాడు నోరు తెరవడమే తక్కువ, తెరిస్తే వచ్చేవి ఇలాంటివే.

మలేషియాలో క్లాంగ్ ఊరి చివర పామాయిల్ తోటను ఆనుకుని ఉన్న షూటింగ్ క్లబ్బు అది. వారమంతా వర్క్‌షాపులో లేత్ మెషిన్ మీద పనిచేసే యోగేశ్వరన్, శనివారాలు మాత్రం ఆ క్లబ్బుకి ఆర్మరర్. అంటే తుపాకుల బాధ్యత అతనిది. స్ట్రాంగ్‌రూం తాళం తియ్యాలి, తుపాకులు శుభ్రం చెయ్యాలి, ఎవరికి ఏది సరిపోతుందో చూసి చేతికివ్వాలి.

ఆ శనివారం కొత్తగా చేరినవాళ్లలో ఒకమ్మాయి రైఫిల్‌ని ఎడమ భుజానికి ఆనించుకుని, దాని మీదుగా చెయ్యి వంకర తిప్పి, కుడివైపున్న తూటా ఎక్కించే బోల్ట్‌ని ఎడంచేత్తో లాగుతోంది. అది చూసి ఉండబట్టలేక అన్నాడు ఆ మాట.

అమ్మాయి రైఫిల్‌ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. కుడిచేతికి మార్చుకుంది. మార్చుకుంటూ తనలో తాను గొణుక్కుంది.

"మా నాయనమ్మ సచ్చిపోయిందనుకున్నాను. ఇక్కడ కూసుందన్నమాట."

తెలుగు. అందులోనూ తన ఇంట్లో వినపడే తెలుగు. యోగేశ్వరన్ చేతిలోని నూనెగుడ్డ కింద పడింది.

"మీ నాయనమ్మది ఏ ఊరు?" అన్నాడు.

ఈసారి ఉలిక్కిపడటం ఆమె వంతు. "అయ్యో. నువ్వు తెలుగా? బాగన్ దాతుక్. ఎస్టేట్‌లో ఉండేది."

"మాదీ అదే. మీ నాయనమ్మ ఏటి సేసేది?"

"అన్నం తినేటప్పుడు నా ఎడంచేతికి గుడ్డ కట్టేది. ఆ చెయ్యి కాదు, ఆ చెయ్యి కాదు అని రోజంతా అదే మాట. తర్వాత స్కూల్లో టీచర్ అన్నాది. ఇప్పుడు నువ్వు. తినడం నేర్చుకున్నాను, రాయడం నేర్చుకున్నాను. కాని గురి నా ఎడంకన్నే సూస్తాది. దానికి గుడ్డ కట్టినా మాట వినదు."

యోగేశ్వరన్‌కి నవ్వొచ్చింది. క్షమించమని అడగాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. కింద పడిన గుడ్డ తీసుకుని తుడిచిన తుపాకీనే మళ్లీ తుడిచాడు.

ఆమె పేరు జోసఫీన్. అందరూ జోసీ అంటారు. చేతికి వేసుకునే రబ్బరు గ్లవ్‌లు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తుంది. ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చింది. కుడిచేత్తో కాల్చింది. పదికి ఆరు, పదికి ఐదు. ఓ మోస్తరు షూటర్ అని అందరూ లెక్క తేల్చేశారు, యోగేశ్వరన్ తప్ప.

వానపడితే టార్గెట్ కనబడదు, కాల్పులు ఆపెయ్యాలి. క్లబ్బులో వానని తిట్టని మనిషి ఎవరైనా ఉన్నారంటే అది యోగేశ్వరనే. జింకు రేకుల కింద అందరూ తే తారిక్ అనే నురగ టీ గ్లాసులు పట్టుకుని నిలబడతారు. ఆమె సరిగ్గా అతని పక్కకే వచ్చి నిలబడుతుంది. రేకుల మీద వాన మోతకి మాట వినపడాలంటే ఇద్దరూ దగ్గరగా వంగాలి.

"మా గ్లవ్‌లకి కుడి, ఎడమ లేవు తెలుసా?" అంది ఒకరోజు. "ఏ చేతికైనా పడతాయి. తుపాకులు సేసినోళ్లకి ఆ బుద్ధి ఎందుకు లేదు?"

"ఉన్నాది. లివర్ రైఫిల్ అని ఉన్నాది."

"అంటే?"

"పక్కన బోల్ట్ ఉండదు. ట్రిగర్ కింద ఉంగరం లాగ ఒక పిడి. కిందకి తొయ్యి, పైకి లాగు. కాల్చిన తూటా గుల్ల బయటికి పోతాది, కొత్త తూటా లోపలికొస్తాది. ఏ చేత్తోనైనా ఒకటే."

జోసీ గ్లాసు పక్కన పెట్టి అతని వైపు పూర్తిగా తిరిగింది. "ఇన్ని శనివారాలు నువ్వు నాతో ఈ మాట ఎందుకు సెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

"అడక్కపోతే నువ్వేటీ సెప్పవా?"

సరదాగా అన్న మాటే. కాని ఈ కథంతా ఆ మాటలోనే ఉంది.

క్లబ్బుల మధ్య ఏటా డిసెంబర్‌లో జొహోర్‌లో లివర్ రైఫిల్ మ్యాచ్ జరుగుతుంది. నిలబడి కాల్చాలి, ఇరవై సెకన్లలో ఐదు తూటాలు. వీళ్ల క్లబ్బుకి లివర్ రైఫిలే లేదు కాబట్టి ఎప్పుడూ వెళ్లలేదు. ఆ ఏడు కమిటీ ఒకటి కొనాలని తీర్మానించింది. ఒకటే. ఇక్కడ తుపాకీ కొనడమంటే దుకాణానికెళ్లి సంచిలో వేసుకు రావడం కాదు. పోలీసు అనుమతికి దరఖాస్తు పెట్టాలి, అందులో ఏ రకమో, ఎందుకో రాయాలి, నెలల తరబడి ఎదురు చూడాలి. ఒకసారి రాసి ఇచ్చాక మనసు మార్చుకుంటే మళ్లీ మొదటికే. ఏది కొనాలో చూసి చెప్పే పని ఆర్మరర్ మీద పడింది.

"నాకు సరిపోయేది ఏదో సూడవా?" అంది జోసీ.

"కొలవాలి."

"ఏటి కొలవాలి?"

"చెయ్యి. మోచెయ్యి మడిచి పట్టు. ఆ మడత కాడినుంచి వేలిదాకా ఎంతుందో, రైఫిల్ వెనక కర్ర అంతే ఉండాలి."

ఆమె ఎడంచెయ్యి మడిచి చాచింది. యోగేశ్వరన్ టేపు చివర రెండు వేళ్లతో, కాగుతున్న పెనం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"టేపు కరుస్తాదా, నేను కరుస్తానా?" అని అడిగింది.

"నువ్వే."

"అయితే తొందరగా కొలు లా. చెయ్యి నొప్పెడతాంది." మాట చివర ఆ 'లా' అక్కడివాళ్లందరి అలవాటు.

పదమూడు అంగుళాలకి రెండు నూళ్లు తక్కువ. చిన్న నోట్‌బుక్కులో రాసుకున్నాడు. రాయాల్సిన అవసరం లేదు. ఆ కొలత అతను జన్మలో మరిచిపోయేది కాదు.

ఏప్రిల్‌లో కువాలా సెలంగోర్‌లోని ఒక క్లబ్బు వాళ్లు, తమ దగ్గరున్న రెండు లివర్ రైఫిళ్లూ కాల్చి చూడమని పిలిచారు. రెండింటికీ తూటా ఒకటే. ఒకటి పొడవు, బరువు, అందం. ఇత్తడి మెరుపు, ఎనిమిది పలకల బ్యారెల్. పైభాగం మూసి ఉంటుంది కాబట్టి దాని మీద స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి, బిగించుకోవచ్చు. ఖాళీ గుల్ల కుడిపక్క నుంచి ఎగిరి పోతుంది. రెండోది పొట్టి, తేలిక, చూడ్డానికి ఏమీ లేదు. పైభాగం తెరిచి ఉంటుంది, గుల్ల నెత్తి మీదుగా వెనక్కి పోతుంది. స్కోప్ కుదరదు, కళ్లు బాగున్నవాళ్లకే అది.

జోసీ మొదట పొడవుది ఎత్తింది, ఎడమ భుజానికి. ఎడంచేతివాళ్లు గురిచూస్తే మొహం కర్రకి కుడివైపున ఉంటుంది. గుల్ల ఎగిరేదీ అటే. వేడి గుల్ల చెంప పక్కనుంచి చివ్వున పోయేసరికి ఆమె కన్ను మూసుకుంది. రెండోసారీ మూసుకుంది. ఐదింటిలో రెండే తగిలాయి.

తర్వాత పొట్టిది. భుజానికి తగలగానే ఆమె మెడలోని బిగువు వదిలింది. కిందకి, పైకి, కాల్పు. కిందకి, పైకి, కాల్పు. గుల్లలు పైకెగిరి వెనక ఇసకలో పడ్డాయి. పద్నాలుగు సెకన్లలో ఐదూ నల్లటి వృత్తంలో.

అందరూ టార్గెట్ వైపు చూశారు. జోసీ అటు చూడలేదు, తిరిగి యోగేశ్వరన్‌ని చూసింది. ఆ చూపుకి అతను ఏం చెయ్యాలో తెలియక నోట్‌బుక్కు తిరగేశాడు.

"ఇది నాది," అంది.

"క్లబ్బుది."

"క్లబ్బుదే లా. కాని నాది."

తిరిగొచ్చేటప్పుడు కారులో చెప్పింది. "యోగి, నేను ఎడంచేత్తో ఏ పని సేసినా ఎవరో ఒకరు తిట్టినారు. జొహోర్‌లో, అందరి ముందు, ఒక్కసారి దీంతోనే గెలవాలి. తర్వాత మళ్లీ కుడిచేత్తోనే అన్నం తింటాను, పరవాలేదు."

"గెలుస్తావు," అన్నాడు యోగేశ్వరన్. ఆ రోజంతటిలో అతను పలికిన ఒకే ఒక్క మంచి మాట అది.

జూన్‌లో కమిటీ మీటింగు. మధ్యాహ్నం కాల్పులయ్యాక ఆఫీసుగదిలో. లోపలికెళ్లబోతుంటే వరండాలో సెక్రటరీ గోవిందన్ అంకుల్ భుజం మీద చెయ్యివేసి ఆపాడు. గోవిందన్‌కి అరవై దాటాయి. మనసు చెడ్డది కాదు, నాలుకకి మాత్రం నరం లేదు.

"ఏటిరా యోగి. తుపాకీ క్లబ్బుకా, పెళ్లికూతురికా?"

"ఏటి అంకుల్?"

"మాకు కళ్లు మసకబారినాయి గాని గుడ్డోళ్లం కాదురా. ఆ చర్చి పిల్ల చెయ్యి కొలిసినావంట కదా. శుక్రవారం గుళ్లో మీ అమ్మ కనబడతాది, సెప్పమంటావా?"

అని తనే నవ్వి లోపలికి పోయాడు. ఆయనకది మాట, అంతే. యోగేశ్వరన్‌కి చెవులు వేడెక్కిపోయాయి. అమ్మ గుళ్లో, నలుగురిలో, ఈ మాట వింటుంది. చర్చి పిల్ల. కొడుకు క్లబ్బు తుపాకీని ఆడపిల్ల కోసం ఎంచాడట. అతని ఊహలో మాట అప్పుడే క్లాంగ్ దాటి బాగన్ దాతుక్ దాకా పోయింది.

లోపల బల్ల చుట్టూ ఏడుగురు. వెనక కుర్చీల్లో సభ్యులు. జోసీ చివరి కుర్చీలో కూర్చుంది. పెద్దవాళ్లందరికీ స్కోప్ కావాలి, వాళ్ల కళ్ల సంగతి వాళ్లది. అది తప్పేమీ కాదు. కాని ఛైర్మన్ న్యాయమైన మనిషి, అందరి మాటా వినాలంటాడు.

"జోసఫీన్, నువ్వు రెండూ కాల్చి చూశావు. ఏమంటావు?"

ఆమె లేచి నిలబడింది. "సార్, నేను చెప్తే నా కోసం చెప్పినట్టుంటుంది. ఆర్మరర్‌కి అంతా తెలుసు. కొలతలూ, స్కోర్లూ ఆయన దగ్గరున్నాయి. ఆయన ఏది చెప్తే అదే నా మాట."

ఛైర్మన్ యోగేశ్వరన్ వైపు తిరిగాడు. గోవిందన్ కూడా తిరిగాడు, మూతి మీద చిన్న నవ్వుతో.

నోట్‌బుక్కు జేబులో ఉంది. తియ్యాలి, చదవాలి, అంతే పని. మన క్లబ్బులో బాగా కాల్చగల మనిషి ఒకామె ఉంది, ఆమె ఎడంచేతివాటం, పొట్టిది కొనండి. ఈ మాట ఎవరి కోసమైనా అనగలడు. ఆమె ఎవరో ఒకరైతే అనేసేవాడే. ఇష్టం ఉంది కాబట్టి అది అందరికీ కనబడుతుందని భయమేసింది. కనబడకుండా ఉండాలంటే ఒకటే దారి తోచింది ఆ బుద్ధిమంతుడికి.

"పొడవుది," అన్నాడు. "స్కోప్ పెట్టుకోవచ్చు. ఎక్కువమందికి పనికొస్తుంది."

గోవిందన్ నవ్వు ఆగిపోయింది. ఆయనే ఆశ్చర్యపోయాడు. చేతులు లేచాయి, తీర్మానం అయిపోయింది. వెనక కుర్చీల వైపు చూసే ధైర్యం యోగేశ్వరన్‌కి లేకపోయింది.

బయట వాన. కార్ల దగ్గర జోసీ గొడుగు తెరవకుండా నిలబడి ఉంది.

"నిజం సెప్పు యోగి. పొడవుదే మంచిదా?"

"స్కోప్..."

"నాకు స్కోప్ వద్దు."

"అందరికీ పనికొచ్చేది సూడాలి కదా."

"నేను నిన్ను అందరి గురించీ అడగట్లేదు. నువ్వు కూడా ఆ అందరిలో ఒకడివేనా?"

కాదు అనాలి. రెండక్షరాలు. మనవాడు బూట్ల మీద పడుతున్న వానచినుకులు చూస్తూ నిలబడ్డాడు.

"ఓకే లా," అంది ఆమె. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగానే అని, కారెక్కి వెళ్లిపోయింది.

అనుమతి వచ్చి రైఫిల్ చేతికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. జోసీ మానెయ్యలేదు. శనివారాలు వచ్చేది, కాల్చేది, వానొస్తే వేరేవాళ్ల పక్కన నిలబడేది. పెద్దవాళ్లు మురిసిపోతూ రైఫిల్ మీద స్కోప్ బిగించుకున్నారు. యోగేశ్వరన్ వర్క్‌షాపులో ఒక చిన్న ఇత్తడి రేకు కోసి, వంచి, నునుపుచేసి తెచ్చాడు. గుల్ల చెంప వైపు రాకుండా మళ్లించడానికి.

"ఇది బిగిస్తే తగలదు," అన్నాడు.

జోసీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగా సేసినావు. థాంక్స్." అతనిని యోగి అని పిలవలేదు. ఏమనీ పిలవలేదు.

జొహోర్‌కి ఇద్దరిని ఎంపిక చేసే రోజున ఆ రేకు మూడు తూటాల దాకా పనిచేసింది. నాలుగో గుల్ల దాని అంచుకి కొట్టుకుని తిరిగి నేరుగా ఆమె చొక్కా కాలర్‌లోకి దూరింది. మెడ కాలుతోంది. ఇంకొకరైతే తుపాకీ అటూ ఇటూ ఊపేవారే. ఆమె గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి, మెల్లగా దించి, బల్ల మీద పెట్టి, అప్పుడు మెడ దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఐదో తూటా కాల్చలేదు. మూడు పాయింట్ల తేడాతో పోయింది.

యోగేశ్వరన్ మందు పెట్టెతో పరుగెత్తాడు.

"ఒగ్గేయ్," అంది. "సిన్నదే."

ఆమె బదులు గోవిందన్ వెళ్లాడు జొహోర్‌కి. అక్కడ వానకి స్కోప్ అద్దం మీద ఆవిరి పట్టి, కింద నుంచి నాలుగో స్థానంలో వచ్చాడు. తప్పంతా వానదేనని ఏడాది పాటు చెప్పుకున్నాడు.

కొత్త సంవత్సరంలో జోసీ ఫ్యాక్టరీవాళ్ల ఈపో బ్రాంచికి మారిపోయింది. వెళ్లేముందు క్లబ్బులో అందరికీ కేకు పంచింది. యోగేశ్వరన్‌కీ ఒక ముక్క ఇచ్చింది, అందరికీ ఇచ్చినంతే.

ఆ తర్వాత ఏడాదిన్నర ఏం జరిగిందని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. అతను ఫోనులో పెద్ద పెద్ద మెసేజీలు టైపు చేశాడు, తుడిచేశాడు. పుట్టినరోజుకి కేకు బొమ్మ పంపాడు. ఆమె "థాంక్స్ లా" అని పంపింది. రెండేళ్ల ప్రేమకి మిగిలిన కాగితం అంతే. పొట్టి రైఫిల్ మాత్రం అతని కలలోకి కూడా వచ్చేది.

ఒక ఆదివారం భోజనం దగ్గర వాళ్లమ్మ విజయరాణి పులుసు వడ్డిస్తూ మామూలుగా అంది.

"ఆ గ్లవ్ ఫ్యాక్టరీ పిల్ల ఈపోలో బాగున్నాదా?"

యోగేశ్వరన్ చేతిలో ముద్ద అలాగే ఆగింది. "నీకెలగ తెలుసు?"

"గోవిందన్ అప్పుడే సెప్పినాడు, గుళ్లో. నీ కొడుకు ఒక పిల్ల చెయ్యి కొలిసినాడంట అని. నేను సంబరపడినాను. ఇన్నాళ్లకి ఈడికి ఒక పిల్ల నచ్చింది అనుకున్నాను. నువ్వే వచ్చి సెప్తావని ఎదురుసూసినాను. నువ్వు సెప్పనే లేదు. నచ్చలేదేమో అనుకున్నాను."

"అమ్మా, ఆళ్లు కిరస్తానం."

"అయితే ఏటి? ఎస్టేట్‌లో మీ తాతలూ ఆళ్ల తాతలూ ఒకే కూలీ లైనిళ్లలో ఉన్నోళ్లు. చర్చి ఆళ్లది, గుడి మనది. కూరగిన్నె మాత్రం అటూ ఇటూ తిరిగేది. నన్ను అడిగితే నేను వద్దంటానా?"

యోగేశ్వరన్ ముద్ద కంచంలో పెట్టేశాడు. ఏ తల్లికి తెలుస్తుందని ఆ రోజు నోరు మూసుకున్నాడో, ఆ తల్లి పులుసు గరిటె పట్టుకుని, వద్దంటానా అని అడుగుతోంది. ఒక గోడ ఉందనుకుని మూడేళ్లు దాని ఇవతల నిలబడ్డాడు. అక్కడ గోడే లేదు.

"ఇప్పుడైనా అడగరాదా?" అంది విజయరాణి. "ఫోను ఉన్నాది, కారు ఉన్నాది. ఇంకేటి కావాలి నీకు?"

అడగాలనే నిశ్చయించుకున్నాడు. అంతలో బుధవారం జోసీయే మెసేజి పెట్టింది. సొంతంగా లివర్ రైఫిల్‌కి దరఖాస్తు పెడుతున్నాననీ, తన కాల్పులు చూసిన పాత క్లబ్బు ఆర్మరర్ నుంచి సిఫారసు ఉత్తరం కావాలనీ, శనివారం క్లాంగ్ వస్తున్నాననీ.

మనవాడు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. అద్దం ముందు నిలబడి, నువ్వంటే నాకు ఇష్టం అని తెలుగులో అన్నాడు, మలాయ్‌లో అన్నాడు, ఇంగ్లీషులో అన్నాడు. ఇంగ్లీషులో అది ఉద్యోగం కోసం దరఖాస్తులా వినిపించింది. తెలుగే ఖాయం చేసుకున్నాడు.

శనివారం వాన మొదలవుతుండగా ఆమె ఆఫీసుగదిలోకి వచ్చింది. జుట్టు కత్తిరించుకుంది. నవ్వింది, పాత నవ్వే. బల్ల మీద కాగితాలు పెట్టిన ఎడంచేతికి ఉంగరం ఉంది.

అతను చూడటం ఆమె చూసింది.

"ఆగస్టులో పెళ్లి," అంది. "ఆల్బర్ట్ అని. ఈపో ఆసుపత్రిలో ల్యాబులో ఉన్నాడు. తుపాకీ మోత వింటే సెవులు మూసుకుంటాడు. కాని నాకు రైఫిల్ కావాలంటే ఫారాలన్నీ ఆడే తెచ్చినాడు."

"మంచోడు," అన్నాడు యోగేశ్వరన్. "ఏది కొంటున్నావు?"

"పొట్టిది. అలాంటిదే."

"మంచిది."

"ఉత్తరంలో కారణం రాయాలంట. ఈ మనిషికి ఈ రైఫిలే ఎందుకో. రాయగలవా?"

అతను కాగితం తీసుకున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని తే తారిక్ తాగుతోంది. రాయడం మొదలుపెట్టాడు, ఇక ఆగలేదు. ఈమెది ఎడంచేతివాటం, గురి చూసేది ఎడమకన్ను. చెయ్యి కొలత పదమూడు అంగుళాలకి రెండు నూళ్లు తక్కువ, కాబట్టి పొట్టి కర్ర అవసరం. గుల్ల కుడివైపు ఎగిరే రైఫిల్‌తో ఈమెకి కన్ను మూసుకుపోతుంది, పైకి ఎగిరే దానితో మూసుకుపోదు. పద్నాలుగు సెకన్లలో ఐదు తూటాలూ నల్లవృత్తంలో కొట్టడం నేను కళ్లారా చూశాను. మెడ కాలుతున్నా తుపాకీ గొట్టం దిశ మార్చని మనిషి, ఇంతకంటే జాగ్రత్తగల షూటర్‌ని ఈ క్లబ్బులో నేను చూడలేదు.

చివర ఇంకో వాక్యం రాశాడు. ఈ సంగతులన్నీ నేను మూడేళ్ల క్రితమే కమిటీ ముందు చెప్పవలసింది.

సంతకం పెట్టి ఇచ్చాడు. ఆమె చదివింది. రెండోసారి చదివింది. గ్లాసు పక్కకి జరిపింది.

"ఇవన్నీ అప్పుడే నీకు తెలుసా?"

"తెలుసు."

"కొలత కూడా గురుతుందా?"

"ఉన్నాది."

"మరెందుకు సెప్పలేదు యోగి?"

యోగి అంది. మూడేళ్ల తర్వాత.

"నువ్వంటే ఇష్టం," అన్నాడు. అద్దం ముందు అన్నట్టు రాలేదు. "సెప్తే అందరికీ తెలిసిపోతాదని భయమేసింది. తెలవకూడదని నీకు ఎదురు సెప్పినాను. మా అమ్మ వద్దంటాదనుకున్నాను. ఆవిడ వద్దనేది కాదంట. నాకు మొన్న ఆదివారం తెలిసింది."

జోసీ కిటికీ వైపు తిరిగింది. కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకోవలసినంత తడి ఉంది.

"ఆ రోజు నేను లేచి, ఆయన మాటే నా మాట అన్నాను," అంది నెమ్మదిగా. "అంతమంది ముందు ఒక ఆడపిల్ల అలగ ఎందుకంటాదో నీకు తట్టలేదా? నేను తుపాకీ గురించి మాత్రమే అన్నానా?"

అతనికి తట్టలేదు. ఇప్పుడు తట్టింది. ఆ గదిలోనే, ఆ చివరి కుర్చీలోంచే, తను మాట్లాడవలసినంతా ఆమే ముందు మాట్లాడేసింది. అతను చెయ్యాల్సిందల్లా అవునని చెప్పడం.

"తప్పు సేసినాను జోసీ."

"అవును," అంది ఆమె. ఓదార్చలేదు, తిట్టలేదు. కాగితం మీద చివరి వాక్యం దగ్గర వేలు పెట్టింది. "పోలీసోళ్లకి ఈ లైను అక్కర్లేదు."

"కొట్టేస్తాను, ఇలా ఇయ్యి."

"వద్దు." కాగితం తన వైపు లాక్కుంది. "ఇది నేను ఉంచుకుంటాను. ఆళ్లకి ఇంకోటి రాయి. ఈ లైను లేకుండా."

నాలుగు మడతలు పెట్టి సంచి లోపలి అరలో పెట్టుకుంది. యోగేశ్వరన్ ఇంకో తెల్లకాగితం తీశాడు. మొదటిది పది నిమిషాల్లో రాసినవాడు, రెండోదానికి అరగంట తీసుకున్నాడు. ప్రతి అక్షరం దిద్దినట్టు రాశాడు. ఆమెకూ తొందరలేనట్టే కూర్చుంది. కింద సంతకం పెట్టేసరికి వాన తగ్గిపోయింది, ఇంక ఆమెని కూర్చోబెట్టడానికి రాయవలసింది ఏమీ మిగల్లేదు.